గడప దాటిన డప్పు

పాట విని ఏం బాగుందని అడిగితే మనం చెప్పే జవాబులు మహా అయితే నాలుగు. గొంతు బాగుంది. మాటలు బాగున్నాయి. వరస బాగుంది. కాస్త చెవి పెట్టి వినేవాళ్లయితే, "మధ్యలో డప్పు వాయించాడు చూడండి, అది బాగుంది" అంటారు. "ఆ పాటలో గది ఎంత బాగుందో!" అని మెచ్చుకున్నవాళ్లను మాత్రం నేనింతవరకూ చూడలేదు. కానీ మనం వినే ప్రతి పాటలోనూ ఒక గది ఉంటుంది. వాయిద్యాలతో పాటు అదీ మోగుతూనే ఉంటుంది. పాపం దానికి పేరు వెయ్యరు, పారితోషికం ఇవ్వరు.

ఈ గది సంగతి మనకు తెలియనిదేమీ కాదు. పేరు పెట్టి చెప్పుకోలేదంతే. అద్దె ఇల్లు మారిన రోజు గుర్తు చేసుకోండి. లారీలోంచి సామాను ఇంకా దిగలేదు. పిల్లవాడు ఖాళీ ఇంట్లోకి పరుగెత్తి "అమ్మా" అని పిలుస్తాడు. వాడు పిలిచింది ఒక్క అమ్మనే అయినా నలుగురు అమ్మలను పిలిచినట్టు ఇల్లంతా మోగుతుంది. సాయంత్రానికి మంచాలు వేసి, పరుపులు పరిచి, తలుపులకు పరదాలు కట్టేసరికి అదే పిల్లవాడి అదే పిలుపు మామూలైపోతుంది. గోడలు ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటి మీద పడి వెనక్కి రావలసిన శబ్దాన్ని పరుపులూ పరదాలూ తాగేశాయి. స్నానాల గదిలో దూరగానే మనందరం సుశీలమ్మలమైపోవడానికి కారణం కూడా ఇదే. అక్కడ శబ్దాన్ని తాగే గుడ్డలు లేవు, నున్నటి గోడలే ఉన్నాయి.

దీన్ని మొదట లెక్కగట్టినవాడు అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన వాలెస్ సబీన్. 1895లో అక్కడ ఫాగ్ మ్యూజియం కొత్తగా తెరిచారు. అందులోని ఉపన్యాసశాలలో నిలబడి మాట్లాడితే మాట మీద మాట పడి ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదట. బాగుచెయ్యమని సబీన్‌కు అప్పగించారు. ఆయన రాత్రివేళ ఊరు సద్దుమణిగాక శాండర్స్ థియేటరులోని కుర్చీల మెత్తలు మోయించుకొచ్చి, ఆర్గన్ గొట్టం మోగించి, అది ఆగిన తరవాత శబ్దం ఎంతసేపు నిలుస్తుందో గడియారం పెట్టి చూసేవాడు. మెత్తలు పెంచినకొద్దీ శబ్దం తొందరగా అణిగిపోయేది. శబ్దశక్తి పదిలక్షలో వంతుకు పడిపోవడానికి పట్టే వ్యవధినే ఇప్పటికీ గదికి కొలతగా వాడుతున్నారు. ఆ లెక్కల ఆధారంతో కట్టిన బోస్టన్ సింఫనీ హాలును 1900లో తెరిచారు. పరుపులూ మెత్తలూ ఎక్కడ సర్దాలన్నది ఇల్లాలి పని అని తీసిపారేస్తాం గానీ, ఒక శాస్త్రమే వాటి మీద లేచి నిలబడింది చూశారూ!

శబ్దం ఆగాక గదిలో మిగిలే ఈ మోతను స్టూడియోవాళ్లు రివర్బ్ అంటారు. మనకు మారుమోత అనే చక్కని మాట ఉంది. ప్రతిధ్వని వేరు, మారుమోత వేరు. గోడ పదిహేడు మీటర్లకు పైన ఉంటే మన పిలుపు మనకు విడిగా తిరిగొస్తుందని బళ్లో చదువుకున్నాం. అది ప్రతిధ్వని. గోడలు దగ్గరగా ఉంటే వందల ప్రతిధ్వనులు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చి, విడిగా వినపడక, అసలు శబ్దానికి తోకలా అంటుకుంటాయి. అది మారుమోత.

గొంతు సాగుతున్నంతసేపు ఈ తోక అంతగా తెలియదు. గాయని స్వరాన్ని సాగదీస్తుంది కాబట్టి ఆమె గొంతే మన చెవిని నింపుతుంది. డప్పో, డోలో, ఇంగ్లీషు డ్రమ్ములో అయితే అలా కాదు. దెబ్బ పడడం రెప్పపాటు. ఆ తరవాత మనం వినేదంతా గదే. అందుచేత తోలు వాయిద్యాన్ని రికార్డు చెయ్యడమంటే సగానికి సగం గదిని రికార్డు చెయ్యడమే. ఇందులో పాశ్చాత్యులు పడ్డ పాట్లు సరదాగా ఉంటాయి. 1947లో షికాగోలో బిల్ పట్నమ్ అనే ఆయన హార్మోనికాట్స్ బృందం వాయించిన "పెగ్ ఓ మై హార్ట్" పాటకు మారుమోత కావాలని స్నానాల గదినే వాడుకున్నాడు. ఆ రికార్డు మోత మోగిపోయింది. 1957లో జర్మనీ నుంచి ఈఎంటీ 140 అనే యంత్రం వచ్చింది. రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు ఉన్న పల్చటి ఉక్కురేకును చట్రంలో బిగించి, పాటను దానిలోకి పంపిస్తే రేకు వణికి మోగేది. గది కట్టుకోలేనివాళ్లకు గది బదులు రేకు అన్నమాట.

వీటన్నిటిలో నాకు మరపురానిది లెడ్ జెప్లిన్ అనే ఇంగ్లీషు బృందం కథ. 1971లో వచ్చిన వాళ్ల నాలుగో ఆల్బములో "వెన్ ది లెవీ బ్రేక్స్" అనే పాట ఉంది. గట్టు తెగితే ఏమైపోతామన్నది దాని సారం. అమెరికాలో 1927లో మిసిసిపీ నది వరదలొచ్చి ఊళ్లు మునిగాయి. దాని మీద 1929లో మెంఫిస్ మిన్నీ, కాన్సస్ జో మెకాయ్ అనే నల్లజాతి దంపతులు రికార్డు చేసిన పాటకు ఇది మరో రూపం. ఇంగ్లీషు బృందం దీన్ని హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో రికార్డు చేసింది. జాన్ బోనమ్ డ్రమ్ములను మెట్ల కింద హాల్లో పెట్టి, పైన మెట్ల దగ్గర నుంచి రెండు మైకులు వేలాడదీశారు. డ్రమ్ముల ఒంటికి అంటుకుని మైకు లేదు. దెబ్బ పడి, మెట్లెక్కి, ఇల్లంతా తిరిగి మైకును చేరింది. ఆ దెబ్బ వింటే నిజంగానే చెరువు గట్టు తెగినట్టుంటుంది. ఇంకో సంగతి. ఆ భవనాన్ని 1795లో దిక్కులేనివాళ్ల కోసం, ముసలీ ముతకా, అనాథల కోసం కట్టారు. ఎవరికీ అక్కరలేనివాళ్లను ఉంచిన ఇంటి గోడలే లోకంలోకెల్లా పేరు మోసిన డ్రమ్ము శబ్దాన్నిచ్చాయి.

తరవాత దశాబ్దంలో దీనికి కత్తెర పడింది. లండనులో టౌన్‌హౌస్ స్టూడియో రాతిగదిలో హ్యూ పాడ్జమ్ అనే ఇంజినీరు, 1980లో వచ్చిన పీటర్ గేబ్రియల్ ఆల్బముకు పని చేస్తూ, డ్రమ్ముల మారుమోతను బాగా పెంచి, అది సహజంగా చావకముందే టక్కున కోసేశాడు. అక్కడ డ్రమ్ములు వాయించిన ఫిల్ కాలిన్స్ 1981లో తన "ఇన్ ది ఎయిర్ టునైట్" పాటలో అదే వాడాడు. ఇక ఆ దశాబ్దమంతా లోకంలో ఎక్కడ చూసినా అదే శబ్దం. మనకూ తప్పలేదు. 1986లో తొలి తెలుగు 70 ఎంఎం సినిమాగా వచ్చిన "సింహాసనం" రాజుల కథే అయినా, బప్పీ లహరి డిస్కో డ్రమ్ముల మీదే సింహాసనమెక్కింది.

ఇంత దూరం వెళ్లొచ్చాక ఇప్పుడు మా గోపాల్‌పేటకు వస్తాను. అసలు విషయం ఇక్కడే ఉంది.

గద్వాల, వనపర్తి, కొల్లాపురం లాగే గోపాల్‌పేట ఒకప్పటి సంస్థానం. ఇప్పుడు వనపర్తి జిల్లాలో ఒక మండలకేంద్రం. సంస్థానాలు పోయినా ఆ కాలపు చప్పుళ్లలో ఒకటి మిగిలింది. అదే డప్పు. గుండ్రటి చట్రానికి బిగించిన తోలు. ఒక చేతిలో పొట్టిగా లావుపాటి సిర్ర, ఇంకో చేతిలో సన్నగా పొడుగాటి సిటికెన పుల్ల. వాయించబోయే ముందు నాలుగు గడ్డిపరకలు మండించి తోలును వెచ్చబెడితే బిగిసి కంగుమంటుంది. పెళ్లికొక దరువు, చావుకొక దరువు, జాతరకొకటి, చాటింపుకొకటి. ఏ ఇంట్లో ఏం జరిగిందో డప్పే ఊరికి చెప్పేది.

డప్పు బయలు వాయిద్యం, దానికి గది ఎక్కడిదంటారేమో. ఉంది. పైకప్పు లేని గది. దెబ్బ పడగానే మొదట కాళ్ల కింది నేల సమాధానం చెబుతుంది. తరవాత వీధికి ఇరువైపులా ఉన్న ఇళ్ల గోడలు. ఎదురుగా కొండో, రాతిగోడో ఉంటే ఒక క్షణం ఆగి అదీ ఒక్కసారి పలుకుతుంది. మిగతాదంతా ఆకాశంలోకి పోతుంది. అంటే, బయట వాయించిన డప్పుకు సాగే తోక ఉండదు. ముక్కుసూటి దెబ్బ, వెంటనే రెండు మూడు పొట్టి సమాధానాలు, అంతే. అందుకే ఎంత వేగంగా కొట్టినా దెబ్బకు దెబ్బ విడిగా తెలుస్తుంది.

మరి దీన్ని మనం ఎక్కడ నిలబడి విన్నాం? ఈ ప్రశ్న దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. వాయించినవాళ్లు మాదిగవాడ నుంచి వచ్చేవాళ్లు. పెళ్లిలో వాళ్ల చోటు పందిరి బయట. జాతరలో వాళ్ల చోటు గుడి బయట. చావులో మాత్రం అందరికన్నా ముందు. చాకిరీగా వాయించిన రోజులూ ఉన్నాయి. మనలాంటి ఇళ్ల ఆడవాళ్లం వంటింట్లోంచో, వసారాలోంచో, మేడ మీద పిట్టగోడ వెనకనుంచో విన్నాం. గోడలూ దూరమూ సన్నటి శబ్దాన్ని ముందు తినేస్తాయి. సిటికెన పుల్ల మాట్లాడే చిటపటలు మన దాకా రావు. సిర్ర కొట్టే లావుపాటి మోతే గోడ దాటి వస్తుంది. దూరాన ఎక్కడో ధిమ్మని మోగుతుంటే ఒళ్లు పులకరించిందని కథల్లో రాసుకున్నాం. మనం అందమనుకున్నది డప్పును కాదు, డప్పుకూ మనకూ మధ్యనున్న దూరాన్ని.

స్టూడియోలో మారుమోత చేసే పని సరిగ్గా ఇదే. అది ప్రధానంగా దూరాన్ని చెబుతుంది. దగ్గరున్న మనిషి గొంతు మనకు నేరుగా వస్తుంది, గోడల మోత తక్కువ. దూరాన ఉన్న మనిషి గొంతు తగ్గి గోడల మోత పెరుగుతుంది. చెవి ఈ రెండింటి పాళ్లను చూసి, కళ్లు మూసుకున్నా, ఎవరు ఎంత దూరంలో ఉన్నారో చెప్పేస్తుంది. మిక్సింగ్ చేసే మనిషి ముందున్న చిన్న మీట ఆ పాళ్లను మారుస్తుంది. కిందికి లాగితే డప్పు మన పక్కన కూర్చుంటుంది. పైకి తోస్తే వీధి చివరికి పోతుంది. ఇది కేవలం యంత్రాల వ్యవహారమని అనుకోవడానికి నాకు మనసొప్పదు. ఎవరిని దగ్గర కూర్చోబెట్టాలి, ఎవరిని దూరాన నిలబెట్టాలి అన్నది మన దేశంలో ఎప్పుడూ కేవలం సాంకేతిక విషయం కాదు.

పూర్వం మద్రాసు స్టూడియోల్లో ఈ పని మీటలతో కాక మనుషులతోనే చేసేవారు. గాయకులూ వాద్యబృందమూ అందరూ ఒకేసారి, ఒకే టేపు మీద. ఎవరి శబ్దం ఎంత కావాలో దాన్ని బట్టి మైకుకు దగ్గరగానో దూరంగానో కూర్చోబెట్టేవారు. ఒక్కరు తడబడితే అందరూ మళ్లీ మొదటికి. ఆనాటి పాటల్లో తబలా, డోలక్ ఇంత సహజంగా ఎందుకున్నాయంటే, గాయనీ తబలా ఒకే గాలి పీల్చారు కాబట్టి. మారుమోత ఉన్నా అది అందరిదీ. ఇప్పుడు గాయని ఒక ఊళ్లో, డప్పు ఇంకో ఊళ్లో, వేణువు మరో రోజున. ఎవరి గది వాళ్లదే. ఇన్ని గదుల మనుషులను ఒక ఇంట్లో ఉన్నట్టు చూపించాలంటే కంప్యూటరు చేసిన మారుమోతను అందరి మీదా కప్పక తప్పదు. అది నేను కాదనను.

హైదరాబాదులో మిక్సింగ్ పని చేసే ఒక కుర్రవాడిని దీని గురించి అడిగాను. ఓపికగా చెప్పాడు. "మేడమ్, డప్పుకు జానెడు దూరంలో మైకు పెడితే రేకుడబ్బా కొట్టినట్టుంటుంది. ఎవరైనా చెవి తోలుకు ఆనించి వింటారా? రెండడుగుల వెనక ఒక మైకు, గది మూలన ఇంకో మైకు పెడతాం. మొదటిది దెబ్బ, రెండోది ఒళ్లు." శబ్దం వెయ్యో వంతు సెకనులో సుమారు ముప్పై నాలుగు సెంటీమీటర్లు నడుస్తుంది కాబట్టి, దూరపు మైకుకు దెబ్బ ఆలస్యంగా చేరుతుందనీ, లెక్క తప్పితే రెండు మైకులూ కొట్లాడుకుని డప్పు పస తగ్గిపోతుందనీ చెప్పాడు. అసలు దెబ్బకూ మారుమోతకూ మధ్య కాస్త జాగా వదిలితే దెబ్బ తేటగా ఉంటుందట. మారుమోతలోని లావు శబ్దాన్ని వార్చెయ్యాలట, అన్నంలో గంజి వార్చినట్టు. లేకపోతే పాటంతా ముద్ద.

"మరి అందరూ అలా ఎందుకు చెయ్యరు బాబూ?" అన్నాను.

"పెద్దగా వినపడాలంటారు మేడమ్. ఫోనులో విన్నా హాల్లో విన్నట్టుండాలి. పెద్ద హాలు పెడితే పెద్ద పాట అనిపిస్తుంది."

ఇదీ కిటుకు. ఇవాళ కంప్యూటర్లలో నిజమైన గదులే దొరుకుతాయి. ఒక పెద్ద చర్చిలోనో, సంగీతశాలలోనో బుడగ పేల్చో, ఒక కూత మోగించో ఆ గది ఎలా పలుకుతుందో పట్టుకుని దాచుకుంటారు. తరవాత ఏ శబ్దాన్ని అందులో పోసినా ఆ చర్చిలో వాయించినట్టే వినిపిస్తుంది. అద్భుతమైన విద్యే. కానీ వింత చూడండి. మన ఊళ్లో గుడి గడప ఎక్కనివ్వని డప్పును కంప్యూటరు యూరప్ చర్చిలో కూర్చోబెడుతోంది. మర్యాద జరిగిందనుకోవాలా? అనుకోవచ్చు, ఆ చర్చి డప్పును మింగెయ్యకపోతే.

మింగేస్తోందనే నా ఫిర్యాదు. నిమిషానికి నూట ఇరవై దెబ్బల పాట అనుకోండి. దెబ్బకూ దెబ్బకూ మధ్య అర సెకను. మారుమోత రెండు సెకన్లు నిలిచేదైతే మొదటి దెబ్బ చచ్చేలోగా ఇంకో నాలుగు దాని మీద వచ్చి పడతాయి. పెనం మీది దోసె తియ్యకముందే ఇంకో దోసె, దాని మీద ఇంకోటి పోసినట్టు. డప్పులో సిటికెన పుల్ల వేసే దెబ్బలు ఇంతకన్నా ఎంతో దగ్గర దగ్గరగా ఉంటాయి. అవి ఏమైపోవాలి? మోత మిగులుతుంది, దరువు పోతుంది.

ఊళ్లో డప్పు వాయించడంలో జుట్టు నెరిసిన పెద్దాయనకు ఈమధ్య మోగిపోయిన ఒక సినిమా పాట ఫోనులో వినిపించాను. పాట పేరు ఎందుకులెండి. శ్రద్ధగా విన్నాడు. చివరికి అన్న మాట ఇది.

"డప్పు మాదే అమ్మా. గని బాయిల ఎందుకేసిండ్రు?"

నేను నవ్వాను గానీ ఆయన నవ్వలేదు. మళ్లీ పెట్టమన్నాడు. "సిర్ర వినవడుతున్నది. సిటికెన పుల్ల ఏడవోయింది? గది లేకుంటే అది పెండ్లి దెబ్బనో సావు దెబ్బనో ఎట్ల తెలుస్తది? కొట్టెటోడు ఏడ నిలవడ్డడో గూడ దీంట్ల తెలుస్తలేదు."

నాలుగు పుస్తకాలు చదివి నేను చెప్పబోయిన విమర్శంతా ఆయన నాలుగు మాటల్లో తేల్చేశాడు. బావిలో వేసిన డప్పు పెద్దగా మోగుతుంది. ఏం చెబుతోందో తెలియదు.

బాగా చేసినవీ లేకపోలేదు. 1980లో విడుదలైన గౌతం ఘోష్ "మా భూమి"లో బండి యాదగిరి పాటను గద్దర్ పాడారు. ఆ గొంతు ఏ హాలులోనూ లేదు, మన ఎదుట బయట నిలబడి ఉంది. తరవాత గద్దర్ సభల్లో గొంగడీ, డప్పూ, గొంతూ కలిసి వేలమంది ముందుకు వచ్చినప్పుడు కూడా అక్కడ స్టూడియో మారుమోత లేదు, మైదానమూ కొమ్ము మైకులూ తప్ప. 2023లో ఆస్కారు తెచ్చిన కీరవాణి "నాటు నాటు"ను ఒకసారి గది కోసం వినండి. ఆ చిందును యుక్రెయిన్ రాజధాని కీవ్‌లో రాజభవనం ముందు తీశారు. కానీ తాళాన్ని రాజభవనం లోపల పెట్టలేదు. దెబ్బలు పొట్టిగా, పొడిగా, ఒకదాని భుజం మీద ఒకటి ఉన్నాయి. ఆ వేగానికి పెద్ద గది తగిలించి ఉంటే కాళ్లు తడబడేవి.

2021లో వచ్చిన "భీమ్లా నాయక్" పాట మొదట్లో పన్నెండు మెట్ల కిన్నెర మీటుతూ పాడింది మా పొరుగు నాగర్‌కర్నూలు జిల్లా దర్శనం మొగులయ్య. మరుసటి ఏడు ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ మొదటి కొన్ని క్షణాలు ఆయన మన గడపలో కూర్చున్నట్టే ఉంటాడు. ఆ తరవాత పాటలోకి పెద్ద డ్రమ్ములు దూసుకొచ్చి ఇల్లు కాస్తా మైదానమైపోతుంది. హీరో రాకకు అది అవసరమే కాబోలు. నాకు మాత్రం ఆ గడపలో ఇంకాసేపు కూర్చోవాలనిపిస్తుంది.

2023 నాటి "బలగం" ఈ విషయంలో మనకో పాఠం. భీమ్స్ సంగీతం. చివర్లో కొమురమ్మ, మొగిలయ్య దంపతులు పాడిన పాటకు ఏడవని ఇల్లు లేదు. ఈ మొగిలయ్య వేరు, వరంగల్లు వైపు ఆయన, 2024 డిసెంబరులో కన్నుమూశారు. ఆ పాటలో గొంతులు ఎక్కడో లేవు. కర్మకు కూర్చున్న చుట్టాల మధ్య, మనకు ఎదురుగా ఉన్నాయి. గీర ఉన్నా, ఊపిరి తీసినా తెలుస్తుంది. ఆ సినిమాను తెలంగాణ పల్లెల్లో తెర కట్టి ఊరు ఊరంతా కింద కూర్చుని చూసింది. బయలు వాయిద్యమూ, బయలు గొంతూ చివరికి బయల్లోనే వినిపించాయి. మారుమోత అందించే పని ఆ రాత్రి ఊరి గోడలే చేశాయి.

అలాగని మారుమోత అసలే వద్దని నేననడం లేదు. పొడిపొడిగా ఉన్న డప్పు కూడా అబద్ధమే. ఏ గదీ లేని చోటు లోకంలో లేదు. అర సెకను లోపు ఆరిపోయే చిన్న గది ఒకటి డప్పు వెనక ఉంటే దానికి ఒళ్లు వస్తుంది. వింటున్నప్పుడు ఉన్నట్టు తెలియదు. తీసేస్తే ఏదో తక్కువైనట్టుంటుంది. చారులో ఇంగువ లాంటిది. చారులో ఇంగువ వెయ్యండి గానీ, ఇంగువలో చారు పొయ్యకండి అంటున్నాను.

ఇంకో ఆశ కూడా ఉంది. చర్చి మోతను పట్టుకొచ్చిన విద్యతోనే గోపాల్‌పేట వీధి మోతనూ పట్టుకోవచ్చు కదా. తెల్లవారుజామున, ట్రాక్టర్లు కదలకముందు, వీధి మధ్య నిలబడి ఒక్క బుడగ పేలిస్తే చాలు. నేలా, అరుగులూ, పాత గోడలూ ఏమని పలుకుతాయో కంప్యూటరుకు చెప్పవచ్చు. గోల్కొండ ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే కిలోమీటరు దూరాన బాలాహిస్సార్ మీద వినపడేటట్టు కట్టుకున్న దేశం మనది. గోడలకు చెవులే కాదు నోళ్లూ ఉంటాయని తెలిసినవాళ్లం. మన డప్పుకు మన వీధిని ఇచ్చుకోలేమా?

1994లో మాదిగలు హక్కుల కోసం కదిలినప్పుడు ఆ ఉద్యమానికి దండోరా అని పేరు పడింది. ఏ డప్పును చూపించి తక్కువ చేశారో ఆ డప్పునే జెండాగా ఎత్తుకున్నారు. తెలంగాణ ధూంధాం సభల్లో అదే డప్పు వేదిక మధ్యకు వచ్చింది. బయట గెలుచుకున్న ఆ చోటును పాటలో మళ్లీ పోగొట్టుకోవడం న్యాయం కాదు. సంగీత దర్శకుడు డప్పును పిలిపించి, డబ్బిచ్చి వాయించుకుని, చివరికి మారుమోత అనే పరదా వెనక నిలబెడితే, అది పాత పందిరి బయటి చోటే.

మనం సంగీతం నేర్చుకున్నవాళ్లం కాకపోవచ్చు. అయినా గదిని వినడానికి రాగజ్ఞానం అక్కర్లేదు. ఖాళీ ఇల్లేదో, కాపురమున్న ఇల్లేదో మోతను బట్టి చెప్పగల చెవి మనకుంది. ఈసారి పాటలో డప్పు పడగానే వాయించే మనిషి ఎంత దూరంలో ఉన్నాడో ఒక్కసారి చూసుకోండి. వీధి చివర ఉంటే, అతన్ని అక్కడ నిలబెట్టింది ఎవరని అడగండి. చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఉండి, సిటికెన పుల్ల చిటపట కూడా వినిపించిందా, ఆ పాట చేసినవాళ్లకు డప్పంటే తెలుసు. వాయించేవాడంటే గౌరవమూ ఉంది.